కుక్క, కోతి, కాకి మీద నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ – నా అనుభవం

ఎమ్మెస్సీ జువాలజీ లాస్ట్ సెమిస్టర్‌లో ప్రాజెక్ట్ టాపిక్ ఎంచుకోమన్నప్పుడు మా బ్యాచ్‌లో ఎక్కువమంది ల్యాబ్ పనులు తీసుకున్నారు, చేపల్లో హెవీ మెటల్స్, దోమ లార్వాల మీద వేపాకు రసం, పట్టుపురుగులు, అలాంటివి. నేను మాత్రం జంతువుల ప్రవర్తన మీదే చేస్తానని పట్టుబట్టాను, అదీ ఒక జంతువు కాదు మూడు, వీధికుక్క, కోతి, కాకి. మా గైడ్ మేడం వెంటనే ఒప్పుకోలేదు. మూడు జంతువులంటే మూడు ప్రాజెక్టులమ్మా, నీకున్నది ఒక్క సెమిస్టర్ అన్నారు. కొన్నాళ్లాగి ఆవిడే పిలిచి, జంతువులు మూడైనా ప్రశ్న ఒక్కటే అయితే చెయ్యొచ్చు, ఆ ప్రశ్నేంటో ఒక్క వాక్యంలో రాసుకుని రా అన్నారు. జూనియర్స్ చాలామంది ఈ ప్రాజెక్ట్ ఎలా చేశావక్కా అని అడుగుతున్నారు కాబట్టి మొదట్నుంచీ ఎలా సాగిందో రాస్తున్నా.

ఆ ఒక్క వాక్యానికే చాలా టైం పట్టింది. చివరికి తేలిందేంటంటే: తిండి ఉన్న మనిషి ఎదురైనప్పుడు, ఆ మనిషి తనవైపు చూస్తున్నాడా లేదా అన్నదాన్నిబట్టి జంతువు ప్రవర్తన మారుతుందా. అంతే. మాది తిరుపతి కాబట్టి ఈ ప్రశ్నకి ఊరే సరిపోయింది. బస్టాండ్ పక్క టిఫిన్ బండ్ల దగ్గర కుక్కలు, అలిపిరి వైపు రోడ్డు పక్కన కోతులు, కాకులైతే ఎక్కడంటే అక్కడ, అన్నీ మనుషుల చేతుల్లో కవర్లు చూసే బతుకుతున్నాయి.

ముందు చదవడం. ఇందులో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది మన దేశపు వీధికుక్కల మీద జరిగిన పని. కోల్‌కతాలో ఐసర్ అనే సైన్స్ విద్యా పరిశోధన సంస్థలో అనిందితా భద్ర గారి ల్యాబ్ ఉంది, వాళ్లు ఎవరూ పెంచని, ఏ ట్రైనింగూ లేని కుక్కల దగ్గరికెళ్లి మూతపెట్టిన రెండు గిన్నెలు పెట్టి ఒకదానివైపు వేలు చూపించారు. 2020లో వచ్చిన పరిశోధనా పేపర్ అది. దాదాపు సగం కుక్కలు అసలు దగ్గరికే రాలేదు, మనుషులంటే భయం. వచ్చినవాటిలో సుమారు 80 శాతం వేలు చూపించిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. అంతకుముందు దాకా కుక్కల మీద పరిశోధన అంటే చాలావరకు యూరప్, అమెరికా ఇళ్లలో సోఫాల మీద పెరిగిన కుక్కలే. మనం రోజూ తరిమేసే కుక్కలు కూడా మనిషి చెయ్యి ఎటు చూపిస్తుందో అర్థం చేసుకుంటున్నాయంటే, నాకైతే ఆ పేపర్ చదివాక మా వీధి మలుపులో పడుకునే కుక్కని చూసే తీరే మారిపోయింది.

కోతుల మీద బెంగళూరులో నియాస్ అనే పరిశోధన సంస్థకి చెందిన అనింద్య సిన్హా గారి బృందం బందీపూర్‌లో చేసిన పని దొరికింది, 2018లో వచ్చింది. అక్కడి కోతులు కొన్ని తిండి పట్టుకున్న మనుషుల ముందు కూర్చుని 'కూ' అని పిలుస్తాయట, కొన్ని చెయ్యి చాపుతాయట, మనిషి ఇటు చూస్తున్నాడా లేదా అని గమనిస్తూ అడుగుతాయట. మన దక్షిణాది కోతే అది, తల మీద వెంట్రుకలు పాపిడి తీసినట్టు టోపీలా ఉంటాయి, మా అలిపిరి దగ్గరుండేదీ అదే జాతి. ఇక కాకులకొస్తే అమెరికాలో సియాటిల్‌లో జాన్ మార్జ్‌లఫ్ చేసిన మాస్క్ ప్రయోగం. ఒక ఆదిమానవుడి మాస్క్ పెట్టుకుని కాకుల్ని పట్టి, కాళ్లకి రింగులేసి వదిలేశారు. తర్వాత ఆ మాస్క్ ఎవరు పెట్టుకుని నడిచినా కాకులు గోలగోలగా అరిచేవి, వేరే మాస్క్ పెట్టుకుంటే పట్టించుకునేవి కావు, సంవత్సరాలు గడిచినా మర్చిపోలేదు, పట్టుబడని కాకులు కూడా అరవడం మొదలుపెట్టాయి. ఇంకొకటి ఇంగ్లాండ్ సముద్ర తీరంలో గల్ పక్షుల మీద 2019లో వచ్చింది, ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లది. నేల మీద చిప్స్ ప్యాకెట్ పెట్టి మనిషి దాని వెనక కూర్చుంటాడు, ఒకసారి పక్షినే చూస్తూ, ఇంకోసారి తల తిప్పుకుని. చూస్తున్నప్పుడు పక్షులు సగటున 21 సెకన్లు ఎక్కువ ఆలస్యం చేశాయి. నా ప్రశ్నకి దారి చూపించింది ఎక్కువగా ఈ పేపరే.

పర్మిషన్లు. ఇది విసుగు అనుకుంటారు గానీ ఈ భాగం ఖచ్చితంగా జరగాల్సిందే. యానిమల్ ఎథిక్స్ కమిటీకి ప్రపోజల్ పెట్టాం, తిండి పెట్టం, ముట్టుకోం, తరమం, దారిన పోయే జనం ఏం చేస్తారో, దానికి జంతువు ఏం చేస్తుందో చూసి రాసుకుంటాం, అంతే అని రాసిచ్చాం. అడవి లోపలికి అడుగుపెట్టకుండా పబ్లిక్ రోడ్డు మీదే ఉండాలన్నది మేడం పెట్టిన షరతు. కోతులకి మనమే తిండి పెట్టి ప్రయోగం చేస్తే డేటా తొందరగా వస్తుంది, కానీ రోడ్డు మీద తిండి అలవాటైన కోతి బండ్ల కింద పడుతుంది, జనాన్ని కరుస్తుంది, తర్వాత దాన్నే బోనులో పట్టుకుపోతారు. మా ప్రాజెక్ట్ కోసం ఆ అలవాటు పెంచకూడదు, ఇందులో వేరే మాట లేదు. రేబిస్ వ్యాక్సిన్ ముందే వేయించుకోమన్నారు, కరిచాక వేసేది కాదు, ముందుజాగ్రత్తగా వేసేది. ఫీల్డ్‌కి వెళ్లేవాళ్లు ఎవరైనా డాక్టర్ని అడిగి అది వేయించుకున్నాకే వెళ్లండి, అది వేయించుకున్నా కూడా కరిస్తే మళ్లీ ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

మొదట్లో స్టాప్‌వాచ్ లేదు, షీట్ లేదు. ఊరికే కూర్చుని కనబడింది కనబడినట్టు నోట్‌బుక్‌లో రాయడం. మేడం పెట్టిన రూల్ ఒక్కటే, జంతువు శరీరం ఏం చేసిందో అది మాత్రమే రాయాలి, మనసులో ఏముందో రాయకూడదు. 'కుక్క ఆశగా చూసింది' అని రాస్తే చెల్లదు. 'కూర్చుంది, తల మనిషి చేతివైపు, చెవులు ముందుకి, నోరు మూసుకుని ఉంది, తోక నేల మీద కదలకుండా ఉంది, ఆరు సెకన్లు' అని రాయాలి. ఆశ ఉందో లేదో తర్వాత డేటా చెప్పాలి. ఇలా రాయడం మొదలుపెట్టాక కళ్లు వేరేలా పనిచేస్తాయి, అంతకుముందు ఇరవై ఏళ్లుగా చూస్తున్న కుక్కలో చెవి ఎటు తిరిగిందో ఎప్పుడూ చూడలేదని అర్థమైంది.

ఈ రూల్ ఎందుకో మేడం బెర్లిన్ గుర్రం కథ చెప్పి వివరించారు. 'తెలివైన హాన్స్' అని పేరు, లెక్క అడిగితే గిట్టతో నేలని కొట్టి జవాబు చెప్పేది. 1904లో పెద్దలంతా కమిటీ వేసి చూసి మోసం ఏమీ లేదని చెప్పారు. తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన ఓపిగ్గా పరీక్షలు చేసి 1907లో తేల్చిందేంటంటే, ప్రశ్న అడిగిన మనిషికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. సరైన అంకె రాగానే అడిగినాయన తల, భుజాలు తనకే తెలియకుండా కొంచెం కదిలేవి, గుర్రం అది చూసి ఆపేసేది. అందరూ దీన్ని గుర్రం ఓడిపోయిన కథలా చెబుతారు, నాకు అలా అనిపించదు. మనిషి తలలో అంత చిన్న కదలికని, ఆ మనిషికే తెలియనిదాన్ని, ఒక గుర్రం పట్టుకుంటోందంటే అదేం తక్కువ విషయం. లెక్కలు రావు సరే, మనుషుల్ని చదవడం వచ్చు. నా ప్రాజెక్ట్ కూడా అదే కదా.

తర్వాత ఎథోగ్రామ్, అంటే ఏ ప్రవర్తనకి ఏ కోడ్, దాని నిర్వచనం ఏంటి అన్న పట్టిక. మొత్తం ప్రాజెక్ట్‌లో కష్టమైనది, నాకు బాగా నచ్చినదీ ఇదే. 'మనిషి ముఖం వైపు చూసింది' అని ఒక లైన్ మూడు జంతువులకీ పెట్టేస్తే సరిపోతుంది అనిపిస్తుంది ఎవరికైనా. అలా కుదరదు.

కాకిని తీసుకోండి. దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. ముక్కు మీవైపు తిప్పిందంటే మిమ్మల్ని చూస్తోందని కాదు, చాలాసార్లు దూరంగా ఉన్నదాన్ని బాగా చూడాలంటే కాకి తల పక్కకి తిప్పి ఒక కన్ను మీవైపు పెడుతుంది. ఒకరోజు పొద్దున టీ కొట్టు ముందు బన్ను తింటున్న ఆయన దగ్గరకి ఒక ఊరకాకి వచ్చింది, మెడ దగ్గర బూడిద రంగు. ఎదురుగా రాలేదు, పక్కగా గెంతుతూ వచ్చింది. ఒక గెంతు, ఆగడం, తల వంచి ఎడమ కన్ను ఆయన మీద, తెల్లటి పొర ఒకటి కంటి మీద అడ్డంగా వచ్చి పోయింది, తల తిప్పి కుడి కన్ను కింద పడిన ముక్క మీద, మళ్లీ ఒక గెంతు. ఆయన టీ గ్లాసు పెదాల దగ్గర పెట్టుకోగానే ముక్క తీసుకుని ఎగిరిపోయింది. నా షీట్‌లో 'చూసింది' అన్న కోడ్ ఈ మొత్తాన్ని ఎక్కడ పెట్టాలి? చివరికి కాకికి రెండు కోడ్‌లు పెట్టాం, ముక్కు మనిషి వైపు, పక్క కన్ను మనిషి వైపు.

కుక్కకి కన్నుతో పాటు ముక్కు ఉంది. తల కిందకి దించి నేలవైపు ఉన్న కుక్క ఏమీ పట్టించుకోవట్లేదని రాసేస్తే తప్పు, ముక్కు రంధ్రాలు కదులుతుంటాయి, కవర్‌లో ఏముందో దానికి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. అందుకే గాలి ఎటునుంచి వీస్తోందో కూడా రాయాలి. దానికి మేడం చెప్పిన ఉపాయం అగరుబత్తి, వెలిగించి పట్టుకుంటే పొగ ఎటు పోతోందో కనిపిస్తుంది, అది రాసుకుని వెంటనే ఆర్పేసి దూరంగా పెట్టెయ్యాలి, లేకపోతే ఆ వాసనే డేటాలోకి వచ్చేస్తుంది.

కోతి ఇంకో లోకం. కోతుల్లో ముఖంలోకి తేరిపార చూడటం బెదిరింపు. కనుబొమ్మలు పైకెత్తి నోరు తెరిచి మీవైపు చూస్తే వెనక్కి తగ్గమని అర్థం. పెద్ద మగకోతి కోరలు కనిపించేలా ఆవులించిందంటే నిద్ర వస్తోందని కాకపోవచ్చు, చాలాసార్లు టెన్షన్. పళ్లు బయటపెట్టి నోరు సాగదీస్తే జనం నవ్వుతోందంటారు, ఫోటోలు తీస్తారు, అది నిజానికి ఎదుటివాళ్లకి లొంగిపోతున్నట్టు చేసే సంజ్ఞ. అందుకే తిండి కావాల్సిన కోతి కూడా మనిషి ముఖాన్ని కుక్కలా అదేపనిగా చూడదు, ఒక చూపు వేసి పక్కకి తిప్పేస్తుంది, మళ్లీ ఇంకొకటి. కుక్కకి 'ఎన్ని సెకన్లు చూసింది' అని కొలవొచ్చు, కోతికి 'ఎన్నిసార్లు చూసింది' అని లెక్కపెట్టాలి. నేను కూడా వాటి కళ్లలోకి చూడకుండా టోపీ కిందకి లాక్కుని, తోకలు, చేతుల వైపు చూస్తూ రాసేదాన్ని.

అయితే ఒకటి సెకన్లలో, ఒకటి లెక్కలో, ఒకటి ఏ కన్నో అన్నదాంట్లో ఉంటే మూడింటినీ పోల్చేదెలా? ఇక్కడ చాలా రోజులు ఆగిపోయాం. అప్పుడు మేడం రెండు పాత ఉదాహరణలు చెప్పారు. గిబ్బన్ అనే తోకలేని వానరాలకి తాడు లాగి తిండి తెచ్చుకునే పరీక్ష పెడితే సరిగ్గా చెయ్యలేక తెలివి తక్కువని పేరు పడింది. 1967లో బెంజమిన్ బెక్ గమనించిందేంటంటే, కొమ్మలకి వేలాడటానికి తగ్గట్టున్న ఆ పొడుగాటి వేళ్లతో నేల మీద పరిచిన తాడుని ఎత్తడమే కష్టం. తాడుని భుజం ఎత్తులో పెట్టగానే చక్కగా లాగాయి. రెండోది వాషింగ్టన్ నేషనల్ జూలోని కాండులా అనే ఏనుగు. పైన వేలాడుతున్న తిండిని అందుకోడానికి కర్రలు ఇస్తే వాడలేదు. ఏనుగుకి తొండమే ముక్కు, దాంతో కర్ర పట్టుకుంటే తిండి వాసన చూడ్డానికి ఏం మిగులుతుంది? అదే ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టెని దొర్లించుకొచ్చి, కాలు దాని మీద పెట్టి, తొండంతో అందుకుంది. ఆ పేపర్ 2011లో వచ్చింది. ప్రశ్న జంతువు శరీరానికి సరిపడేలా ఉంటేనే జవాబు వస్తుంది, ఏ జంతువుకి ఆ జంతువుకి ప్రశ్నని మళ్లీ తయారుచేసుకోవాలి.

దాన్నిబట్టి మేము చేసింది ఇది. కుక్క నంబర్‌ని కాకి నంబర్‌తో నేరుగా పోల్చం. ముందు కుక్కలో, మనిషి దానివైపు తిరిగి ఉన్నప్పుడు, తిరిగి లేనప్పుడు తేడా ఎంత. కోతిలో అదే తేడా ఎంత, కాకిలో ఎంత. ఆ తేడా ఏ వైపుకి ఉంది అన్నది పోలుస్తాం. మూడింటికీ కామన్‌గా రెండే కొలతలు, మనిషికి ఎంత దూరంలో ఆగింది, కనబడిన దగ్గర్నుంచి కదలడానికి ఎంతసేపు తీసుకుంది. రోడ్డు పక్క పలకరాళ్లని ముందే టేపుతో కొలిచి పెట్టుకున్నాం కాబట్టి దూరం రాళ్లు లెక్కపెట్టి రాసేదాన్ని.

ఇక చూసే పద్ధతి. ఈ రంగంలో అందరూ మొదట చదివేది జీన్ ఆల్ట్‌మన్ 1974లో రాసిన పేపర్. కెన్యాలో అంబోసెలి దగ్గర బబూన్‌లని చూసినావిడ, మొదట చదివింది గణితం, ఆ పేపర్ రాసేనాటికి పీహెచ్‌డీ కూడా లేదు, అది 1979లో వచ్చింది. ఆవిడ చెప్పేది, కనబడింది రాసుకుంటూ పోతే కళ్లు ఎప్పుడూ గోల చేసేవాటి మీదకే పోతాయి, పోట్లాటలు ఎక్కువ నమోదవుతాయి, మూల కూర్చుని ఏమీ చెయ్యనిది నమోదే కాదు. అందుకని ఒక జంతువుని ముందే ఎంచుకుని, నిర్ణయించిన టైం అయ్యేదాకా దాన్నే చూడాలి, పక్కన ఎంత పెద్ద గొడవ అయినా సరే, దీన్ని ఫోకల్ శాంప్లింగ్ అంటారు. లేదా ఇన్ని నిమిషాలకోసారి గుంపంతా ఒక చూపు చూసి ఎవరేం చేస్తున్నారో రాసుకోవాలి, అది స్కాన్ శాంప్లింగ్. కుక్కలకి, కోతులకి ఫోకల్ పెట్టాం, కాకులకి స్కాన్.

ఎందుకంటే కాకుల్ని ఒకదాన్నుంచి ఒకటి గుర్తుపట్టలేం. కుక్కలైతే మచ్చలు, తోక మెలిక, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాటికి చెవి కొస కత్తిరించి ఉంటుంది. కోతుల్లో చెవి చిరుగులు, వంకర వేళ్లు, కొన్ని ఆడకోతులకి ముఖం ఎర్రబడి ఉంటుంది. కొన్నాళ్లకి ముఖాలు తెలిసిపోతాయి, ఇది జరిగినప్పుడు ఎంత బావుంటుందో చెప్పలేను, అప్పటిదాకా 'కోతులు' అని ఒక గుంపు, ఆ తర్వాత ఒక్కోటీ వేరు వేరు. కాకి విషయంలో ఆ అవకాశం లేదు, ఒకే కాకిని పదిసార్లు రాసి పది కాకులు అనుకునే ప్రమాదం ఉంది. అందుకని దూరం దూరంగా ఉన్న చోట్లు ఎంచుకుని, వచ్చిన చోటికి వెంటవెంటనే రాకుండా చూసుకున్నాం.

జనం గురించి కూడా చెప్పాలి. రోడ్డు పక్కన పుస్తకం పట్టుకుని గంటల తరబడి కూర్చుంటే అందరూ అడుగుతారు. "ఏం పాపా, పొద్దుట్నుంచి ఆ కుక్కనే చూస్తా ఉండావు, కరిచిందా ఏంది?" అని టిఫిన్ బండి అక్క. "మున్సిపాలిటీ వాళ్లా మా? ఈ కోతుల్ని ఎప్పుడు పట్టుకపోతారు?" అని ఇంకొకాయన. కాలేజీ లెటర్ ఎప్పుడూ బ్యాగులో ఉండాలి. విసుక్కోకుండా అందరికీ జవాబు చెప్పాను, ఎందుకంటే వాళ్లలో చాలామందికి నాకంటే ఎక్కువ తెలుసు. ఆ టిఫిన్ బండి అక్క చెప్పింది, బండి తోసుకొచ్చే టైంకి కుక్కలు వీధి మొదట్లోనే ఉంటాయి, వేరే బండి వస్తే లేవవు, చక్రం చప్పుడు గుర్తుపడతాయి అని. ఆ మాట ఇంకో ప్రాజెక్ట్‌కి సరిపోతుంది.

రోజుల తేడా కూడా ఉంటుంది. మంగళ, శనివారాల్లో ఆంజనేయస్వామి అని కోతులకి అరటిపళ్లు ఎక్కువ పెడతారు, శనివారం కాకులకి కూడా పెట్టేవాళ్లున్నారు, అమావాస్య రోజు పెద్దలకి పెట్టిన అన్నం కాకి ముట్టాలని ఇంటి గోడల మీద, డాబాల మీద ఆకులు. ఆ రోజు కాకి మనిషికి దూరంగా ఆగుతుందా అని కొలిస్తే అది వేరే రకం డేటా, మనుషులే రా రా అని పిలుస్తుంటారు. అందుకే ఏ వారం, ఏ తిథి అన్నది కూడా షీట్‌లో ఒక కాలమ్. ఏ ఫారిన్ పేపర్‌లోనూ ఈ కాలమ్ ఉండదు, ఇక్కడ అది లేకుండా కాకి మీద పని చెయ్యకూడదని నా అభిప్రాయం.

నాకు బాగా గుర్తుండిపోయిన ఫోకల్ ఒకటి. చెవి చిరిగిన ఆడకోతి, పిట్టగోడ మీద కూర్చుంది. ఒకావిడ ప్రసాదం కవర్ చేతికి తగిలించుకుని ఫోన్ మాట్లాడుతూ వచ్చి గోడకి కాస్త దూరంలో నిలబడింది, ముఖం రోడ్డు వైపు. కోతి ఆవిడ ముఖాన్ని ఒక్కసారి చూసింది, కవర్‌ని చూసింది, తల తిప్పేసి తన మోకాలు గోక్కుంది. ఆవిడ కోతివైపు తిరిగింది, కోతి చెట్టువైపు చూస్తూ కూర్చుంది, అస్సలు కదల్లేదు. ఆవిడ మళ్లీ రోడ్డు వైపు తిరగ్గానే గోడ మీద రెండడుగులు ముందుకి. మళ్లీ ఆవిడ తిరిగింది, కోతి మళ్లీ గోక్కుంటోంది. ఇలా కొంతసేపు జరిగాక కవర్ చినిగిన చప్పుడు, లడ్డూ కోతి చేతిలో ఉంది, గోడ అవతలకి దూకేసింది. మొత్తం వీడియోలో ఉంది. గోక్కోవడం టెన్షన్‌కి గుర్తని కోతుల మీద పనిచేసేవాళ్లు అంటారు, నేను కోడ్ మాత్రం 'గోక్కుంది' అనే పెట్టాను.

వీడియోలన్నీ తర్వాత బోరిస్ అనే సాఫ్ట్‌వేర్‌లో కోడింగ్ చేశాను, ఇటలీలో టురిన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసింది, ఉచితం, మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది. ఒక్కో కీకి ఒక్కో ప్రవర్తన పెట్టుకుంటే వీడియో చూస్తూ నొక్కుతూ పోవడమే, టైం అదే రాసుకుంటుంది. ఇది వినడానికి తేలిక, చెయ్యడానికి కళ్లు పోతాయి, చిన్న వీడియో ముక్కకి కూడా బోలెడంత టైం పడుతుంది. నేనొక్కదాన్నే కోడ్ చేస్తే నాకు కావాల్సిందే కనబడొచ్చు కాబట్టి, ప్రాజెక్ట్ ప్రశ్న ఏంటో చెప్పకుండా మా క్లాస్‌మేట్‌తో కొన్ని వీడియోలు విడిగా కోడ్ చేయించాం. ఇద్దరి కోడ్‌లు ఎంత కలిశాయో కోహెన్ కప్పా అనే కొలతతో చూస్తారు, ఊరికే అదృష్టం కొద్దీ కలిసేదాన్ని తీసేసి మిగిలింది లెక్కిస్తుంది. కుక్కల్లో బాగా కలిసింది, కాకుల 'పక్క కన్ను' దగ్గర కలవలేదు. నిర్వచనం మళ్లీ రాసి, మళ్లీ ఇద్దరం విడిగా చేసి, ఒప్పందం సరిపడేంత వచ్చాకే ముందుకెళ్లాం.

మా డేటా చిన్నది, ఒక ఊరు, ఒక సీజన్, దాన్ని పట్టుకుని జాతి మొత్తం ఇలాగే అని చెప్పను. మా దగ్గర కనబడింది ఇది: మనిషి తమవైపు తిరిగి ఉన్నప్పుడు టిఫిన్ బండ్ల దగ్గరి కుక్కలు ఇంకా దగ్గరికొచ్చి కూర్చున్నాయి. కోతులు మనిషి అటు తిరిగినప్పుడే ముందుకి కదిలాయి. కాకులు కూడా మనిషి చూస్తుంటే ఆలస్యం చేశాయి, ఇంగ్లాండ్ గల్ పక్షుల్లాగే. అంటే మనిషి తిరిగి ఉన్నాడా లేదా అన్నది మూడూ పట్టించుకుంటున్నాయి, కానీ ఒకదానికి అది రమ్మనడం, మిగతా రెండిటికీ ఆగమనడం. కుక్కకి మనిషి ఇస్తాడు, కోతీ కాకీ చాలాసార్లు తీసుకోవాలి, తేడా అక్కడ ఉందేమో అని డిస్కషన్‌లో రాశాం. అన్నం పెట్టే అమావాస్య డేటా పక్కన పెట్టి చూస్తే కాకుల్లో తేడా ఇంకా స్పష్టంగా వచ్చింది.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ మొదట అడిగింది, ఇంతకీ మూడిట్లో ఏది తెలివైంది అని. నేను 2014లో వచ్చిన ఒక పెద్ద స్టడీ గురించి చెప్పాను. 36 జాతులు, 567 జంతువులు, తొందరపడకుండా ఆగగలవా అని చూసే రెండు పరీక్షలు, వాటిలో ఒకదాంట్లో పారదర్శకంగా ఉండే గొట్టంలో తిండి కనిపిస్తుంటుంది, ఎదురుగా పొడవకుండా పక్కనున్న రంధ్రం దగ్గరకి వెళ్లి తీసుకోవాలి. మెదడు ఎంత పెద్దదైతే అంత బాగా ఆగగలుగుతున్నాయని తేలింది. రెండేళ్ల తర్వాత స్వీడన్‌లో లుండ్ యూనివర్సిటీ వాళ్లు అదే పరీక్ష కాకి జాతి పక్షులకి పెడితే రావెన్‌లు చింపాంజీలతో సమానంగా చేశాయి, మెదడు చూస్తే చాలా చిన్నది. అద్దం లాంటి పారదర్శక వస్తువులు ముందు చూసి ఉంటే ఫలితం మారుతుందని తర్వాత ఇంకొందరు చూపించారు. కాబట్టి సార్, ఏది తెలివైంది అని కాకుండా దేంట్లో, ఏ పరీక్షలో అని అడిగితే చెప్పగలను, మనిషి చూపు ఎటుందో కనిపెట్టడంలో మూడూ పాస్ అన్నాను. ఆయన ఎథోగ్రామ్ పేజీ తీసి, కాకికి రెండు కోడ్‌లు ఎందుకో బోర్డు మీద తల బొమ్మ వేసి చూపించమన్నారు. వైవా ఎక్కువసేపు ఆ బొమ్మ మీదే నడిచింది.

ఇప్పుడు మా జూనియర్ ఒకమ్మాయి తెలంగాణ వైపు ఎర్రమూతి కోతుల మీద ఇదే షీట్‌తో మొదలుపెట్టింది. దక్షిణాది కోతి ఉండే చోట్లలోకి ఎర్రమూతి కోతి ఉత్తరం నుంచి మెల్లగా దిగుతోంది కాబట్టి రెండిటి డేటా ఉండటం చాలా అవసరం. తను అడిగిన మొదటి సందేహం, అక్కడ పొలాల్లో జనం కోతుల్ని రాళ్లతో తరుముతారక్కా, మనిషి తిరిగి ఉన్నాడా లేదా అన్నదొక్కటే చాలా, చేతిలో ఏముందో కూడా రాయాలా అని. రాయాలి. కవర్, కర్ర, రాయి, ఖాళీ చెయ్యి, నాలుగు కోడ్‌లు కొత్తగా కలిపాం.